ఇంట్లో తగిలిన ఆఫీసు దెబ్బ

మా ఆవిడ సుజాత నన్ను ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. పెళ్ళైన ఇన్నేళ్ళలో కొట్టదగిన సందర్భాలు చాలానే వచ్చినా కొట్టలేదు. అయినా ఒక వారం రోజులపాటు పోర్ట్ బ్లెయిర్‌లో సగం ఊరు, ఆమె నన్ను చితకబాదిందని నమ్మింది. ఆ ఘనకార్యం పూర్తిగా నాది. మీకు నవ్వుకోవడానికి పనికొస్తుంది గానీ, నాకు అప్పట్లో తిండి సహించలేదు.

అప్పటికి నేను చాతం దగ్గర ఒక బోట్ల మరమ్మతు వర్క్‌షాపులో స్టోరు గుమాస్తాని. హెల్మెట్లు, గ్లవ్స్, నట్లు, బోల్టులు ఇచ్చి సంతకాలు తీసుకోవడం నా పని. కొత్తగా వచ్చిన ఇంజనీరు గారిది కాకినాడ. ఆయనకు నియమాలంటే ప్రాణం. ఒక సోమవారం పొద్దున్నే అందరినీ నిలబెట్టి, గొంతు పెద్దదని నాచేత ఒక కాగితం చదివించారు. పనిలో ఎంత చిన్న దెబ్బ తగిలినా వెంటనే పైవాళ్ళకు చెప్పాలి, చూసినవాళ్ళ పేరుతో సహా ప్రమాదాల రిజిస్టర్‌లో రాయించాలి, డాక్టరుకు ఎక్కడ ఎలా తగిలిందో ఉన్నదున్నట్టు చెప్పాలి. ఊరికే చదివితే నేనెందుకవుతాను? సొంత పాండిత్యం కూడా కలిపాను. దెబ్బ దాచుకునేవాడంత మూర్ఖుడు ఈ దీవుల్లో ఉండడనీ, హెల్మెట్ లేకుండా బోటు కిందికి వెళ్ళేవాడు తలకాయ ఇంట్లో పెట్టి వచ్చినట్టేననీ చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను.

అరగంట తర్వాత, ఊరందరికీ హెల్మెట్లు పంచి, నాకూ ఒక తల ఉందన్న సంగతి మరిచిపోయి, దొర్లిపోయిన పెన్ను కోసం దిమ్మల మీద నిలబెట్టిన బోటు కిందికి దూరాను. పెన్ను దొరికింది. పైకి లేస్తుంటే బోటు ఫ్యాన్ రెక్క కూడా దొరికింది. ఎడమ కనుబొమ్మ పైన చీరుకుపోయి రక్తం కారింది. కన్ను నేరేడు పండు రంగుకు తిరిగింది.

చూసింది ఒక్క వెల్డర్ జోసెఫ్. ఎప్పుడో రాంచీ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం, మాట ఇస్తే తప్పని మనిషి. "రావ్ భయ్యా, సాబ్‌కో బతావో, రిజిస్టర్ మే లిఖ్వావో" అన్నాడు, సారుకు చెప్పి రాయించమని. రాయించాల్సిందే. కానీ ఆ చప్పట్లు ఇంకా నా చెవుల్లో ఉన్నాయి. తలకాయ ఇంట్లో పెట్టి వచ్చింది ఎవరో అందరికీ తెలిసిపోతే ఇంకేమైనా ఉందా? ఎవరికీ చెప్పనని జోసెఫ్ చేత ఒట్టు వేయించుకున్నాను. ఒంట్లో బాగోలేదని అతని చేతే సెలవు చీటీ పంపించి, వెనక గేటు నుంచి ఆసుపత్రికి జారుకున్నాను.

అక్కడ డాక్టరు అడిగితే ఇంట్లో తగిలిందన్నాను. మూడు కుట్లు పడ్డాయి. సాయంత్రం సుజాత అడిగితే ఆఫీసులో తగిలిందన్నాను. రాయించారా అంటే, ఓ, ఎప్పుడో రాయించానన్నాను. చూసుకోకుండా తిరిగినందుకు చీవాట్లు పెట్టి, పాలల్లో పసుపు కలిపి ఇచ్చింది. ఆ విధంగా డాక్టరుకు, రేపటి నుంచి ఆఫీసువాళ్ళకూ ఇంటి దెబ్బ, ఇంట్లోవాళ్ళకు ఆఫీసు దెబ్బ. ఈ రెండూ ఎక్కడా ఎదురుపడవని ధీమాగా నిద్రపోయాను.

మర్నాడు ఆఫీసులో ఒకరికి తలుపు తగిలిందని చెప్పాను. ఇంకొకరికి బాత్‌రూమ్‌లో జారానని చెప్పాను. ఆ ఇద్దరూ టీ దగ్గర కలుసుకున్నారు. నిజం తేల్చమని జోసెఫ్‌ని అడిగారు. అతను పాపం ఒట్టుకు కట్టుబడి, తల వంచుకుని, "ఛోడో యార్, ఘర్ కీ బాత్ హై" అన్నాడట. వాళ్ళ ఇంటి సంగతి మనకెందుకులే అని. ఇక అంతకంటే ఏం కావాలి చెప్పండి?

మధ్యాహ్నానికి ఆ కబురు గోల్ ఘర్ దుకాణాలు దాటింది. సాయంత్రానికి డెలానీపూర్‌లో మా క్వార్టర్ చేరింది. పక్కింటి రమణమ్మ పిన్ని గోడ మీంచి నన్ను పిలిచి, "ఏటి బాబూ, టీచరమ్మ మంచిదే గానీ మరీ అంత కోపవేటి?" అంది. రాత్రి చీవాట్లు గోడ దాటి వినపడ్డాయి కాబోలు అనుకున్నాను. భార్యను వెనకేసుకురావాలి కదా, "ఆవిడ తప్పేం లేదు పిన్నీ, నాకు పడాల్సిందే" అన్నాను. పిన్ని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

సుజాత బడిలో టీచరు. ఆ వారం ఆమె క్లాసులో ఒక్క పిల్లాడూ హోంవర్క్ మానలేదట. తన పాఠం ఫలించిందని మురిసిపోయింది పిచ్చిది. ఎన్నాళ్ళ నుంచో ఆమెకు ఒకటో తరగతి చెప్పాలని కోరిక. చిన్నపిల్లలంటే అంత ఇష్టం. ఆ ఏడాది ఇస్తామన్నారు కూడా. శుక్రవారం హెడ్మిస్ట్రెస్ పిలిచి, పసిపిల్లల్ని ఆవిడ చేతిలో పెట్టొద్దని తల్లులు అడుగుతున్నారని, ఎందుకో కూడా చెప్పింది.

ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండా కుర్చీలో కూలబడింది. అరుస్తుందనుకున్నాను. "నేను మిమ్మల్ని కొడుతున్నానటండీ" అని మాత్రం అంది. కళ్ళ నిండా నీళ్ళు. నా మీద నాకే అసహ్యం వేసింది. మొత్తం కక్కేశాను. ఆమె విని, ముఖం కడుక్కుని వచ్చి, సోమవారం మీ ఆఫీసుకు నేనూ వస్తున్నానంది.

వచ్చింది. ఇంజనీరు గారి గదిలో రిజిస్టర్ తెరిపించింది. కిటికీ దగ్గర వర్క్‌షాపు మొత్తం గుమిగూడింది. నేను ఒట్టు వెనక్కి తీసుకున్నాక జోసెఫ్ పూస గుచ్చినట్టు చెప్పాడు, పెన్నుతో సహా. డాక్టరుకు అబద్ధం చెప్పానని నాచేత వేరే కాగితం రాయించారు. ఇంత ఆలస్యానికి కారణం ఏమిటని ఇంజనీరు గారు అడిగారు. "సిగ్గు సార్" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, అదే రాసుకున్నారు. హెడ్మిస్ట్రెస్‌కు చూపించడానికి స్టాంపు వేసి నకలు ఇస్తానన్నారు. సుజాత ముఖం విచ్చుకుంది. కిటికీ అవతల కూడా అందరూ అయ్యో పాపం అనుకున్నారు. ఆమె పేరు కడిగిన ముత్యంలా బయటపడింది.

ఇక ఒక్క గడి మిగిలింది. మళ్ళీ ఇలా జరగకుండా ఏం చర్య తీసుకుంటారు అన్న గడి. ఇంజనీరు గారు దాన్ని పైకి చదివి, పెన్ను పట్టుకుని నా వైపు చూశారు.

"అది ఖాళీగా ఉంచండి సార్" అంది సుజాత. "ఇంటికెళ్ళాక నేను చూసుకుంటాను."

ఇంజనీరు గారు బల్ల సొరుగు లాగి, ఫస్ట్ ఎయిడ్ పెట్టె తీసి నా ముందుకు జరిపారు.

నకలు పుణ్యమా అని ఒకటో తరగతి సుజాతకే వచ్చింది. నేను మాత్రం ఈ దీవుల చుట్టూ ఉన్న సముద్రం సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఇకపై ఆఫీసులో గుండుసూది గుచ్చుకున్నా సరే, ముందు రిజిస్టర్‌లో రాయించి, సాక్షి చేత సంతకం పెట్టించి, ఆ తర్వాతే అమ్మా అంటాను.