రెండు ముఠాలకూ ఒకే రేటు

రాస్తున్నావా? చెయ్యి నొప్పి పుడితే ఆపమని చెప్పు.

అప్పటికి మీ అమ్మకింకా పెళ్లి కాలేదు. మొగల్తూరు దగ్గర మా ఊళ్లో ఊడ్పుల ముఠాకి నేనే మేస్త్రీని. అందరం ఆడవాళ్లమే. ఎకరానికి ఇంతని రైతుతో మాట్లాడుకుని, నాట్లు వేసి, వచ్చింది సమానంగా పంచుకునేవాళ్లం. ఆ వానాకాలం, సార్వా పంటకి రేటు పెంచమని అడుగుదామనుకున్నాం. ఈలోపే శ్రీకాకుళం నుంచి ఒక ముఠా లారీ దిగి, బడి వరండాలో పొయ్యిలు పెట్టుకుంది. మా పాత రేటుకన్నా తక్కువకే ఒప్పుకున్నారు. రైతులు మమ్మల్ని పిలవడం మానేశారు.

పంచాయతీ ఎన్నికల రోజులు. సర్పంచి పదవికి నిలబడ్డ ఒకాయన రిక్షాకి మైకు కట్టించి, "మన ఊరి పని మన ఊరోళ్లకే! ఎల్లుండి బయటోళ్లని లారీ ఎక్కించేద్దాం!" అని తిరిగాడు. వింటుంటే మాకు ప్రాణం లేచొచ్చింది. ఎల్లుండిదాకా ఆగడమెందుకని ఆ సాయంత్రమే బడి దగ్గరికి వెళ్లాం. వెళ్లగొట్టడానికే వెళ్లాం, అబద్ధమెందుకు!

వాళ్ల మేస్త్రీది నా ఈడే. గంజి వారుస్తోంది.

"ఏమ్మా, మా నోటికాడ కూడు లాక్కోడానికొచ్చారా?" అన్నాను.

"మాకాడ వాన్లేదమ్మా. మీరూ అంతకే సేస్తన్నారని రైతు సెప్పినాడు గదేటి!"

"మేం అంతకి ఎప్పుడు చేశాం? మరి మైకులో నిన్ను పొమ్మంటున్నాడుగా, విన్నావా?"

"మాకిక్కడ ఓట్లేవమ్మా. రైతులకున్నాయి. మా మీద గాక ఇంకెవుల మీద అరుస్తాడు?"

నాకు నవ్వొచ్చింది. అక్కడే కూర్చుండిపోయాను. పొయ్యి ఆరేదాకా ఇద్దరం రేటు సంగతి మాట్లాడుకున్నాం.

మర్నాడు వాళ్లు పెద్ద రైతు చేలో పనికి దిగారు. మేం వెళ్లి గట్టు మీద కూర్చున్నాం. ఆకుమడిలో నారు పీకి, కట్టలు కట్టి, చేనంతా విసిరారు. పీకిన నారు వెంటనే నాటకపోతే వాడిపోతుంది. విసరడం అవగానే వాళ్లంతా గట్టెక్కి మా పక్కన కూర్చున్నారు.

రైతు మోటారుసైకిలు దిగి, "ఏంటిది, కూర్చున్నారేంటి?" అన్నాడు.

"రెండు ముఠాలకీ ఒకటే రేటండి. పాతది కాదు, పెంచింది. పని కూడా సగం సగం" అన్నాను.

"నరసాపురం నుంచి ఇంకో ముఠాని తెచ్చుకుంటాను!"

"తెచ్చుకోండి. వాళ్లొచ్చేదాకా ఆగుతుందేమో నారుని అడగండి."

ఎండ నెత్తికెక్కుతోంది. ఆయన కట్టలకేసి చూశాడు, మాకేసి చూశాడు. మేం అడిగినంతా ఇవ్వలేదు గానీ పాతదానికన్నా పెంచాడు. అందరం చేలోకి దిగాం.

మరుసటి రోజు మైకాయన లారీతో చేను దగ్గరికి వచ్చాడు. "ఏంటమ్మా, వాళ్లతో కలిసిపోయారు?" అన్నాడు.

"రేటు గురించి కూడా మైకులో ఓ ముక్క చెప్పండి గురువుగారూ."

"ఎలక్షనయ్యాక చూద్దాం" అంటూ లారీ తిప్పించుకుపోయాడు.

పని పంచుకోవడంతో మాకు ఊడ్పులు తొందరగా అయిపోయాయి. మా ముఠాలో ఇద్దరు, నావల్లే పని రోజులు తగ్గాయని నాతో మాట్లాడటం మానేశారు. వాళ్ల బాధా నిజమే. అయినా నేను మాట మార్చలేదు.

పైఏడు శ్రీకాకుళం ఆవిడ లారీ దిగి, రైతు దగ్గరికి కాదు, తిన్నగా మా ఇంటికొచ్చింది. చెప్పులన్నా విప్పకుండానే అడిగింది: "ఈయేడు ఎంత అడుగుదుమమ్మా?"