అబ్బులు తాలూకు వాళ్ళు

రెబెక్కా టీచర్ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు కాఫీ తాగే ముందు పరీక్ష పాసవ్వాలి. గోదావరి స్టేషన్ వేరు, రాజమండ్రి స్టేషన్ వేరు, తిరుగు రైలు మీరెక్కడ ఎక్కాలి? రేవు అంటే ఏ రేవు, పుష్కరాల రేవా, కోటిలింగాల రేవా? మెడలో గొలుసు జాకెట్టు లోపలికి తోసుకున్నారా? తప్పిపోతే వెతుక్కుంటూ తిరుగుతారా, ఉన్నచోటే నిలబడతారా? తిరుగుతాం అన్నవాళ్ళకి ఆ పూట బజారు లేదు. సరదాగా నాలుగు వీధులు చూసిపోదామని వచ్చినవాళ్ళని ఇలా కూర్చోబెట్టి ప్రాణాలు తోడేస్తుందని నేను ఎన్నిసార్లు విసుక్కున్నానో. ఒకే స్కూల్లో పక్కపక్క క్లాసులకి పాఠాలు చెప్పి ముసలివాళ్ళమయ్యాం, విసుక్కునే హక్కు నాకు కాక ఎవరికుంది?

అన్నిటికంటే చివరి ప్రశ్న మరీ విడ్డూరం. కోరుకొండ నుంచి మా మేనల్లుడు గణేష్‌బాబు కొత్త పెళ్ళాన్ని తీసుకుని ఊరు చూడ్డానికి వస్తే, నేనే వాళ్ళని రెబెక్కా ఇంటికి తీసుకెళ్ళాను.

"అమ్మాయ్, మీ ఆయన రికార్డు పేరు గణేష్‌బాబు. బాగానే ఉంది. వాళ్ళమ్మ ఏమని పిలుస్తుంది?" అంది రెబెక్కా.

దుర్గాశ్రీ సిగ్గుపడి, "నాకు తెలియదండి టీచర్ గారు" అంది.

"కనుక్కో. చిన్నప్పుడు ఏ ఊళ్ళో పెరిగాడో అది కూడా కనుక్కో. ఆ తర్వాతే గడప దాటండి."

మావాడు మొహం ఎర్రగా చేసుకుని "బుజ్జులు అంటారండి" అన్నాడు. నేనూ దుర్గాశ్రీ పడీపడీ నవ్వాం. రెబెక్కా మాత్రం నవ్వలేదు. ఆ పిల్ల చేత ఆ పేరు రెండుసార్లు చెప్పించి, అప్పుడు కాఫీ తెచ్చింది. బయటికొచ్చాక మావాడు, "అత్తా, ఆవిడకేమైనా చాదస్తమా?" అని అడిగాడు. చాదస్తం కాదురా అని దారిలో వాళ్ళిద్దరికీ ఈ సంగతి చెప్పాను.

అది తొంభై ఒకటి పుష్కరాలప్పటి మాట. రెబెక్కా వాళ్ళ లూథరన్ చర్చిలో పాటలన్నీ తనే ఎత్తుకుంటుంది. ఆ గొంతు చూసి పుష్కరాల రేవులో తప్పిపోయినవాళ్ళ టెంటులో మైకు దగ్గర కూర్చోబెట్టారు. తోడుకి నన్నూ వేశారు. నాది పిలిచే గొంతు కాదు, తిట్టే గొంతు, అందుకని మైకు జోలికి రానివ్వలేదు. ఏడ్చేవాళ్ళకి మంచినీళ్ళివ్వడం నా పని.

ఒకరోజు పొద్దున్నే ఒకావిడ ఒళ్ళో సంచీ పెట్టుకుని వచ్చి కూర్చుంది. పేరు రామలక్ష్మి, ఊరు ఆత్రేయపురం. వాళ్ళాయన తల్లికి పిండం పెట్టడానికి వచ్చాడు. క్షవరం చేయించుకొస్తాను, నువ్వు ఈ మెట్ల మీదే ఉండు అని వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. ఎలా వస్తాడు? కర్రలు కట్టి జనాన్ని ఒకవైపే తోసేస్తున్నారు. ఒకసారి అటు పోయినవాడు ఇటు రావాలంటే ఊరంతా చుట్టాలి.

"మనిషి ఎలా ఉంటారమ్మా?" అని అడిగింది రెబెక్కా.

"ఇప్పుడైతే గుండుతో ఉంటారండి."

మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం. ఆ రోజు రేవులో మగాళ్ళలో సగం మంది గుండ్లే. ఇక పేరొక్కటే దిక్కు. ఆ పేరు ఈవిడ చెప్పదు. మొగుడి పేరు ఎత్తితే ఆయనకి ఆయుక్షీణం అని పెంచారు మరి. నాకు ఒళ్ళు మండింది. "మనిషే కనబడకపోతే పేరు దాచుకుని ఏం చేసుకుంటావమ్మా?" అన్నాను. రెబెక్కా నా చెయ్యి నొక్కి, ఆవిడ వైపు వంగి, "పోనీ, ఏదైనా గుర్తు చెప్పండి, మేం కనిపెడతాం" అంది.

"రాత్రిళ్ళు ఆకాశంలో ఉంటారు కదండీ, ఆ పేరేనండి. వెనకాల రావు."

టెంటులో ఉన్నవాళ్ళంతా ఒక్కసారే "చంద్రరావు" అన్నారు. రామలక్ష్మి పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేసింది. అంత దిగుల్లోనూ అందరం నవ్వాం. ఇంక మనిషి దొరికినట్టే అనిపించింది. "ఆత్రేయపురం చంద్రరావు గారూ, మీ భార్య పుష్కరాల రేవు టెంటులో ఉన్నారు" అని రెబెక్కా పిలవడం మొదలుపెట్టింది. పిలుస్తూనే ఉంది.

మధ్యాహ్నం అవుతుండగా బల్ల మీద ఫోను మోగింది. కోటిలింగాల రేవులో ఒకాయన గుండెనొప్పితో పడిపోతే ఆస్పత్రికి చేర్చారట. పరిస్థితేమీ బాగాలేదట, తాలూకు వాళ్ళెవరైనా ఉంటే మైకులో పిలవమన్నారు. రెబెక్కా మైకు అందుకుంది. "ద్రాక్షారామం అబ్బులు గారి తాలూకు వాళ్ళు ఎక్కడున్నా వెంటనే రావాలి. ఆయనకి ఒంట్లో బాగోలేదు."

ద్రాక్షారామం అనేసరికి రామలక్ష్మి తలెత్తింది.

"మీకు తెలిసినవాళ్ళా అమ్మా?" అని రెబెక్కా అడిగింది.

"మావారు పుట్టిన ఊరేనండి. ఈ అబ్బులెవరో నాకు తెలీదు. పాపం, ఎవరో ఏంటో. మావారు రానీండి, అడుగుదాం, వాళ్ళూరోళ్ళందరూ ఆయనకి తెలుసు."

ఆ మాటకి మేము కూడా తలూపాం. గోదావరి జిల్లాల్లో అబ్బులు లేని వీధి ఏది? రెబెక్కా ఆ పేరు మళ్ళీ పిలిచింది, చంద్రరావునీ పిలిచింది. ఇద్దరి కోసమూ ఎవరూ రాలేదు. దీపాలు పెట్టే వేళకి రెబెక్కాకి ఏం తోచిందో, మైకు ఇంకొకరికిచ్చి, "లేవండమ్మా, ఒకసారి ఆస్పత్రి కూడా చూసొద్దాం" అంది. ముగ్గురం రిక్షా ఎక్కాం. దారంతా రామలక్ష్మి, ఆయన ఏమీ తినకుండా ఉన్నారని ఒకటే గొణుగుడు.

అక్కడ గుడ్డ తీసి చూపించారు. ఆయనే. మేం వెళ్ళేసరికి ప్రాణం పోయి ఎంతోసేపు కాలేదు. "ఈయన పేరు అబ్బులు కదమ్మా?" అంది నర్సు. రామలక్ష్మి అడ్డంగా తలూపుతూనే కూలబడిపోయింది. సాయంత్రం దాకా తెలివిలోనే ఉన్నాడట. "మా ఆడోళ్ళు రేవులో ఉన్నారండి, వచ్చారా?" అని వచ్చినవాళ్ళనల్లా అడిగాడట. ఆయనా పెళ్ళాం పేరు చెప్పలేదు.

మర్నాడు ద్రాక్షారామం నుంచి ఆయన అన్న బుల్లియ్య వచ్చి, "అబ్బులూ, అబ్బులూ" అని శవం మీద పడి ఏడుస్తుంటే అప్పుడు తెలిసింది. చిన్నప్పుడు వాళ్ళమ్మ పెట్టుకున్న పిలుపు అది. ఆవిడ పోయాకే ఇతను ఆత్రేయపురం ఇల్లరికం వెళ్ళాడు, ఆ పిలుపు పెళ్ళాం చెవిన పడనేలేదు. అక్కడ ఊరందరికీ చంద్రరావు గారే. తల్లికి పిండం పెట్టడానికి వచ్చిన మనిషి, నొప్పిలో పేరూ ఊరూ అడిగితే తల్లి పిలిచిన పేరే చెప్పాడు, తల్లి ఉన్న ఊరే చెప్పాడు.

రెబెక్కా బైబిలు చదివే మనిషి, దెయ్యాలని నమ్మదు. కానీ ఆనాటి నుంచి ఆ పేరు ఆమెని వదల్లేదు. వీధిలో ఎవరో ఎవరినో అబ్బులూ అని కేకేస్తే చాలు, రోడ్డు మధ్యలో ఆగిపోయేది. నేను రెక్క పట్టుకుని లాగేదాన్ని. క్లాసులో హాజరు పిలవడం అయిపోయాక కూడా ఇంకెవరో పలకాలన్నట్టు అలాగే నిలబడేది, పిల్లలు బిక్కచచ్చిపోయేవాళ్ళు. "నా నోటితోనే పిలిచాను సత్యా. ఆవిడ నా పక్కనే కూర్చునుంది" అనేది. నీ తప్పేముందే అని చెప్పి చెప్పి నాకు నోరు నొప్పెట్టింది. వినదు. ఊరికొత్తవాళ్ళు కనబడితే పేర్లు అడగడం అప్పుడు పట్టుకుంది.

మావాడికి ఇంతవరకే చెప్పాను. మిగతాది అప్పటికింకా జరగలేదు.

రెండువేల మూడు పుష్కరాలకి మళ్ళీ పిలుపొచ్చింది. వద్దే అన్నాను. నేను కాకపోతే రెండు పేర్లు ఎవరడుగుతారు అని వెళ్ళింది. నేనూ వెళ్ళాను, ఒక్కదాన్ని ఎలా వదలను? చేతుల్లోకి సెల్ ఫోన్లు వచ్చాయి, మునుపటంత గోల లేదు. ఒక పొద్దున్న జుట్టు నెరిసిన ఆవిడ తడిచీరతో వచ్చి టెంటు ముందు నిలబడింది. రెబెక్కా కుర్చీలోంచి లేచేసింది.

"రామలక్ష్మి గారూ, కూర్చోండి."

"కూర్చోనండి. ఆయనకి పిండం పెట్టించి వస్తున్నాను. టీచర్ గారండి, ఆ రోజు ఆయన తాలూకు వాళ్ళు రావాలని పిలిచారు. వింటూ కూర్చున్నాను గానీ లేవలేదు. ఇవాళ ఆయన్ని పిలవండి. లేచే ఉంటాను."

పోయినవాళ్ళని మైకులో పిలవడమేంటి, ఇదెక్కడి పిచ్చి అని కసురుదామని నోరు తెరిచాను. ఆవిడ మొహం చూసి పక్కకి జరిగాను. రెబెక్కా రెండు చేతులతో మైకు పట్టుకుంది.

"ద్రాక్షారామం అబ్బులు గారూ, మీ వాళ్ళు పుష్కరాల రేవు టెంటులో ఉన్నారు. ఎక్కడున్నా రావాలి."

రామలక్ష్మి జనం వైపు తిరిగి నిలబడింది. కాసేపటికి గుండు చేయించుకున్న ముసలాయన ఒకడు తడిపంచెతో వచ్చి, "నన్నేనాండి పిలిచారు? మాది ద్రాక్షారామం పక్కనేనండి" అన్నాడు. ఆయన వెనకాలే ఇంకొకాయన వచ్చాడు. తర్వాత మరొకాయన, ఆయనదీ గుండే. రామలక్ష్మి ప్రతి ఒక్కరి మొహంలోకీ నిదానంగా చూసి, "మీరు కాదండి" అని చెప్పి పంపించింది.

ఇంకెవరూ రాలేదు. రెబెక్కా కళ్ళు తుడుచుకుని, "ఇంకోసారి పిలవమంటారా?" అని అడిగింది.

"వద్దండి. రాగలిగితే మొదటిసారికే వచ్చేద్దురు" అంది రామలక్ష్మి.