చిన్న డబ్బాలో పెద్ద చిరునామా

గజపతినగరంలో మా అమ్మ నూనె కొట్టు మీది గదిలో కూర్చుని కెర్నెల్ పని చేస్తాను. కంప్యూటర్‌లో అన్నిటికంటే అడుగున నడిచే ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. ఆ రోజు ఉదయం నుంచి నాకు కుదురు లేదు. ఊరికే మెట్లు దిగడం, మళ్లీ ఎక్కడం.

పని మామూలుదే. ఒక కంప్యూటర్ ఇంకోదానితో మాట్లాడేటప్పుడు అవతలిదాని చిరునామాను మెమరీలో ఒక డబ్బాలో పెడతాం. పాత డబ్బా పదహారు బైట్లు. కొత్తరకం చిరునామాలకు అది చాలదు. చాలాచోట్ల, చిరునామా రాసే ప్రోగ్రాము ముక్కకు, అంటే ఫంక్షన్‌కు, డబ్బా ఎక్కడుందో చెబుతాం గాని ఎంతుందో చెప్పం. అది రాసుకుంటూ పోయి పక్కనున్నవాటిని చెరిపేస్తుంది. కింద మా అమ్మ, ఎవరు సీసా తెచ్చినా ఎత్తి చూసి, "ఎంత పడతాది బాబూ?" అని అడిగితే గాని నూనె పోయదు. మేం ఇంజనీర్లం కదా, అడగడం మాకు నామోషీ.

ఆ డబ్బాలన్నీ పెద్దవిగా మారుస్తుంటే ఒకచోట, మేం రాసింది యంత్రభాషలోకి మార్చే కంపైలర్ డబ్బా చాలదని ఇచ్చే హెచ్చరిక నోరు ఎవరో నొక్కేసి ఉంచారు. ఎవడా ప్రబుద్ధుడని పాత మార్పుల చిట్టా తీశాను. నేనే. నాలుగేళ్ల కిందట.

నా మీద నాకే ఒళ్లు మండింది. ఆ ఫంక్షన్ పేరు ఎక్కడో తగిలినట్టుందని వెతికితే, అంతకుముందు మా బావ పంపిన ఫొటోలో ఉంది. బావ శ్రీకాకుళంలో ఒక కాలేజీ ల్యాబ్ చూసుకుంటాడు. కంప్యూటర్లు ఉన్నట్టుండి ఆగిపోతున్నాయని, అతని నిర్లక్ష్యమేనని ప్రిన్సిపాల్ మెమో ఇచ్చాడు. ఆగిన తెర ఫొటో పంపితే సరిగ్గా చూడనైనా చూడకుండా, "వైరింగ్ చూసుకో బావా" అనేశాను.

ఈ దిద్దుబాటును డబ్బాలన్నీ మార్చే పెద్ద సర్దుబాటులో కలిపేస్తే నా పాత తప్పు ఎవరికీ తెలియదు. కానీ ఫలానా తప్పును దిద్దుతున్నానని రాయకపోతే ఆ దిద్దుబాటు పాత వెర్షన్లకు వెళ్లదు. బావ ల్యాబ్‌లో ఉన్నది పాతదే. మధ్యాహ్నం అన్నం కెలికి వదిలేశాను.

"ఏటయినాదిరా, కాలు కాలిన పిల్లిలా తిరగతన్నావు?" అంది అమ్మ.

చివరికి తప్పు నాదేనని రాసి, లోకంలో ఎవరైనా చదవగలిగే మెయిలింగ్ లిస్టుకు పంపేశాను. గుండె తేలికపడింది. వెంటనే బావకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

అంతా విని బావ అన్నాడు:

"ఒరే, ఈ ముక్క మా ప్రిన్సిపాల్ ఎదట కూకొని సెప్తావేటి?"

లోకానికంతా చెప్పుకున్నవాడిని, ఆ ఒక్క మనిషి ఎదుట అనేసరికి, "ఆ మెయిల్ నీకు పంపుతాను బావా, ఆయనకి చూపించు" అనబోయాను. నా మాట పూర్తి కాకుండానే బావ ఫోన్ పెట్టేశాడు.