వార్నిష్ లేని కాయిల్

మార్కాపురం చుట్టుపక్కల ఎవరి బోరు మోటారు కాలినా చివరికి చేరేది నయీమ్ దుకాణానికే. ముప్పై ఏళ్లుగా రీవైండింగ్ చేస్తున్నాడు. యర్రగొండపాలెం రైతులు కూడా బస్సులో వేసుకుని తెచ్చేస్తారు. రెండు పూతల వార్నిష్ పడనిదే ఏ కాయిలూ ఆయన గడప దాటదు. ఆ మనిషికి ఉన్నది అదొక్కటే గర్వం, అది మాత్రం కొండంత.

కూతురు హాజిరా ఊళ్లోని కాలేజీలోనే ఫిజిక్స్ చెబుతూ పరిశోధన చేస్తోంది. స్టీలు డ్రమ్ములో గాలంతా లాగేసి, రవ్వంత వాయువు వదిలి, దాన్ని ట్యూబ్‌లైటులోలా ప్లాస్మాగా వెలిగిస్తుంది. దాని నడుమ ఎన్ని వోల్టులున్నాయో ఆమెకు తెలియాలి. టెస్టర్ పెట్టి చూడరాదా అన్నాడు నయీమ్. పెడితే ప్లాస్మాయే చెదిరిపోతుందట. అందుకని పొటాషియం అయాన్లను లోపలికి కొడతారు. అక్కడ అవి ఇంకో ఎలక్ట్రాన్ పోగొట్టుకుని, ఆ చోట ఎంత వోల్టు ఉంటే అంత ఎక్కువ శక్తితో బయటికొస్తాయి. ఆ పెరిగినదాన్ని కొలిస్తే చాలు. ముట్టుకోకుండా వోల్టు చూడటమా! నయీమ్‌కు ఆ పూట అన్నం సయించలేదు, అంత సంబరం.

ఆ అయాన్లను వదిలే పొటాషియం మిశ్రమపు గుళికను వేడిచేసే హీటరు కాయిల్ తానే చుడతానన్నాడు. వార్నిష్ వద్దని హాజిరా మరీ మరీ చెప్పింది. చిన్నపిల్ల, దానికేం తెలుసులే అనుకుని తీగలకు గుట్టుగా ఒక పూత వేసే ఇచ్చాడు.

అయాన్లను కొట్టేందుకు అరువు తెచ్చిన హైవోల్టేజి పెట్టె సాయంత్రం ఐదుకు తిరిగి వ్యానెక్కాలి. మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. పొద్దుటి నుంచి పంపు తిరుగుతూనే ఉంది, హీటరు వేయగానే వాక్యూమ్ చెడిపోతోంది. లీకుందేమోనని హాజిరా బోల్టులన్నీ బిగించి, విసిగి, మూత తీసింది. గుప్పున వాసన వచ్చింది. పక్కనే ఉన్న నయీమ్ ఇట్టే గుర్తుపట్టాడు. అది తన దుకాణం వాసన, వేడికి ఆవిరి కక్కుతున్న వార్నిష్.

"లీకు కాదు బేటా. వార్నిష్ నేనే పూసినా. నువ్వు వద్దంటే గూడా పూసినా."

హాజిరా గడియారం వైపు చూసింది. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు. స్కూటరు తీసి దుకాణానికి దూసుకెళ్లాడు. పాత ఇస్త్రీపెట్టెల్లోంచి పింగాణి పూసలు ఏరి, స్పిరిట్‌తో కడిగి, చుట్లు ఒకదానికొకటి తగలకుండా కొత్త బోడి తీగకు గుచ్చి కాయిల్ చుట్టాడు. ముప్పై ఏళ్ల చేయి మొదటిసారి వార్నిష్ డబ్బా జోలికి పోలేదు.

నాలుగున్నరకు వాక్యూమ్ నిలబడింది. గుళిక ఎర్రబడింది, డ్రమ్ము కిటికీలో ఊదారంగు వెలుగు నిండింది. తెర మీద నలభై ఒక్క వోల్టులు!

"ఆపి మళ్లా పెట్టు బేటా," అన్నాడు. మొదటి రీడింగును నమ్మే మెకానిక్ కాడాయన.

మళ్లీ నలభై ఒకటే. నయీమ్ కళ్లు తుడుచుకున్నాడు. బయట వ్యాను హారన్ కొడుతోంది. హాజిరా నవ్వుతూ నోట్‌బుక్కు తెరిచి, ఏ భాగం ఎవరు చేశారో రాసే చోట నింపసాగింది. హీటరు కాయిల్, నయీమ్, మార్కాపురం.

ఆయన ఆమె భుజం మీదుగా తొంగి చూశాడు.

"వార్నిష్ లేకుండా అని గూడా రాయి."