వంతు రోజున సన్మానం

మా బడి డెబ్బై ఐదేళ్ల పండుగకు ఇరవై ఐదుగురు ప్రముఖ పూర్వ విద్యార్థుల జాబితా వేశారు. అందులో నా పేరు లేదు. నష్టం బడికే. నిజామాబాద్‌లోని ఆ ప్రెస్బిటేరియన్ మిషన్ మగపిల్లల బడిని నేను ఎనిమిదో తరగతిలోనే వదిలేశాను. తీసేశారని గిట్టనివాళ్లు అంటారు. నేను వెళ్లిపోతుంటే లెక్కల సారు స్వయంగా గేటు దాకా వచ్చి సాగనంపాడు. ఆయన చేతిలో బెత్తం ఉందన్నది వేరే సంగతి. కందకుర్తి సంగమం దగ్గర చేప వీపు మీద కూర్చుని గోదావరి దాటిన మనిషిని నేను. అయినా ఇవాళ నా గొప్పలు కాదు. ఆ జాబితాలో ఇరవై ఐదో పేరుగా ఎక్కి, పక్షం తిరగకుండా దిగిపోయిన రాజేశ్వర్ సంగతి చెప్పాలి. ఇందులో ఒక్క మాట కూడా పెంచి రాయలేదు. పెంచేంత ఓపిక లేదు, నాకు అంత కోపంగా ఉంది.

రాజేశ్వర్‌ది వర్ని దగ్గరి పల్లె. హాస్టల్లో నా పక్క మంచం. పొద్దున ప్రార్థనలో అందరం కళ్లు మూసుకోవాలి. మేమంతా ఒక కన్ను మూసేవాళ్లం, వాడొక్కడే రెండూ మూసేవాడు. ఆ రెండు నిమిషాల్లో వాడి జేబులోని పుట్నాలు నేను ఖాళీ చేసేవాణ్ని. రెండేళ్లు తిన్నాక నాకే జాలేసి, ఒక్కసారి కన్ను తెరిచి చూడరా అన్నాను.

"మూసుకొమ్మన్నరు గదరా," అన్నాడు.

మనిషి ఇంతే. పదో తరగతి అయ్యాక తండ్రితో కలిసి బోధన్ ఫ్యాక్టరీకి చెరుకు తోలాడు. ఫ్యాక్టరీ మూతపడింది, చెరుకు పోయి మడులన్నీ వరి అయ్యాయి. వాడు కాలువ మీద లష్కర్‌గా కుదిరాడు. నిజాంసాగర్ నీళ్లు వచ్చినప్పుడు వంతు ప్రకారం షట్టర్లు ఎత్తి దించే పని. వాడి చోట కాలువ రెండుగా చీలుతుంది. కుడి పాయ చివరి ఊళ్ల వరికి పోతుంది. ఎడమ పాయ మీద భానుప్రసాద్ చేపల చెరువులు ఉన్నాయి. భానుప్రసాద్ కూడా మా తరగతే. పెద్ద కాంట్రాక్టరు, పూర్వ విద్యార్థుల కమిటీకి అధ్యక్షుడు, జాబితాలో మొదటి పేరు. వంతు తప్పి తన చెరువులకు నీళ్లు వదలమని వాడు మూడేళ్లుగా రాజేశ్వర్‌ను అడుగుతూనే ఉన్నాడు, రాజేశ్వర్ వదలనంటూనే ఉన్నాడు. షట్టర్ తిప్పే ఇనుప హ్యాండిల్ రాజేశ్వర్ చేతిలోంచి ఇంకొకరి చేతికి వెళ్లదు.

మార్చిలో చివరి ఊళ్ల వరి పాలు పోసుకునే దశకు వచ్చింది. ఆ ఒక్క తడి తప్పితే గింజ తాలవుతుంది. శనివారం తెల్లవారు నుంచి ఆదివారం తెల్లవారు దాకా కుడి పాయ వంతు. బడి పండుగ కూడా సరిగ్గా ఆ శనివారమే. కమిటీ కార్యదర్శి శివకుమార్ సన్మానం పిలుపు కార్డు పట్టుకుని కాలువ గట్టుకు వచ్చాడు. అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను.

"గా దినం వంతు ఉన్నది శివన్న. నాకు గాదు," అన్నాడు రాజేశ్వర్.

"గంట పని. కారు పంపుతం. పేరు అచ్చయినంక రానంటే బడి ఇజ్జత్ ఏంగావాలె?"

"నాకెందుకు సన్మానం? నేనేం జేసిన?"

"నీతిగ పనిజేస్తున్నవు, చాలదా," అన్నాడు శివకుమార్. ఆ మాట అంటున్నప్పుడు వాడి మొహం మీద ఈగ కూడా కదల్లేదు.

పోరా అని ఎగేసింది నేనే. జన్మకొక్కసారి కదా అన్నాను. రాజేశ్వర్ తన పైనున్న కాలువ ఇంజనీరుకు ఫోన్ చేసి అడిగాడు, పోయిరా అన్నాడాయన. నోటిమాటే, కాగితం లేదు.

శనివారం తెల్లవారుతుండగానే ఎడమ షట్టర్ దించి, కుడిది పూర్తిగా ఎత్తి, హ్యాండిల్‌ను గోనెసంచిలో చుట్టుకుని కారెక్కాడు. వేదిక మీద కూడా అది ఒళ్లోనే. పక్క కుర్చీ భానుప్రసాద్‌ది. నేను మెట్ల దగ్గరే ఉన్నాను, ప్రతి మాటా విన్నాను.

"సంచిల ఏంది రాజేశ్వర్?"

"హ్యాండిల్."

"కింద మా డ్రైవర్‌కియ్యి, పట్టుకుంటడు."

"బరువేం లేదు పటేలా."

భానుప్రసాద్ నవ్వి, లేచి, వేదిక వెనక్కి పోయి ఫోన్ మాట్లాడి వచ్చాడు. ఉపన్యాసాలన్నీ అయ్యాక శాలువా కప్పారు, ఫోటో తీశారు. అప్పటికి పదకొండు. అప్పుడే రాజేశ్వర్ ఫోన్ మోగింది. చివరి ఊరి సాయవ్వ. ఆమెకు ఒక్క ఎకరం ఉంది, వేరే ఏమీ లేదు.

"రాజన్నా, పొద్దుగాల కాలువల మోకాలు మట్టం ఉన్నయి నీళ్లు. ఇప్పుడు పాదం గుడ తడుస్తలేదు. ఏమైంది బిడ్డా?"

వాడు శాలువాతోనే మెట్లు దిగాడు. నా బండి మీద ఎక్కించుకుని ఎట్లా పోయానో అడగొద్దు, దారిలో బస్సులు వెనక్కి పోతున్నట్టు కనిపించాయి. అక్కడికి వెళితే షట్టర్ జోలికి ఎవరూ పోలేదు. దాని పక్కనే జేసీబీతో గట్టుకు గండి కొట్టారు. టైర్ల జాడ ఇంకా తడిగా ఉంది. నీళ్లన్నీ చేపల చెరువులకు పోతున్నాయి.

అప్పుడు అర్థమైంది నాకు. సన్మానం రాజేశ్వర్‌కు కాదు. గట్టు మీద వాడు లేని ఆ కొన్ని గంటలకు. డెబ్బై ఐదేళ్ల బడిని, అచ్చు వేసిన పేరును, పాత దోస్తానాను ఎరగా కట్టారు. ఆ ఎర వాడి ముందు ఊపింది నేను.

చివరి ఊళ్ల వాళ్లు ట్రాక్టర్‌లో ఇసుక బస్తాలు తెచ్చారు. రాజేశ్వర్ నడుము లోతు నీళ్లలో నిలబడి వేశాడు. సందుల్లోంచి ఊరుతుంటే శాలువా విప్పి కుక్కాడు. పట్టు అనుకున్నాను, నైలాన్. గండి పూడేసరికి సాయంత్రం ఐదు. మళ్లీ మడి వెంట మడి తడుస్తూ నీళ్లు కొసకు చేరకముందే ఆదివారం తెల్లవారింది, వంతు అయిపోయింది. కొసన ఉన్న పన్నెండు ఎకరాలు తడవలేదు. అందులో సాయవ్వది ఒకటి.

వారం తిరక్కుండా మెమో వచ్చింది. విధుల్లో లేని సమయంలో గండి పడింది కనుక బాధ్యుడు లష్కరే. రుజువు కింద ఫోటో జతచేశారు. శాలువా కప్పుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని, పక్కన భానుప్రసాద్. ఎవరు పంపారో రాయలేదు. ఫోన్‌లో ఏం చెప్పానో గుర్తులేదన్నాడు ఇంజనీరు. బడివాళ్లు పిలిచినట్టు ఉత్తరం తెస్తే చూస్తానన్నాడు.

ఇద్దరం బడికి వెళ్లాం. గేటు పక్క ఫ్లెక్సీ మీద ఇరవై నాలుగు పేర్లున్నాయి. ఇరవై ఐదో పేరు మీద తెల్ల కాగితం అతికించారు. నా చేతులు ఊరుకోలేదు, గోకబోయాను. రాజేశ్వర్ నా మణికట్టు పట్టుకుని లోపలికి నడిపించాడు.

"పేరు తీసేసిన్రు, మంచిదే శివన్న. పిలిచినమని ఒక్క ముక్క రాసియ్యి," అన్నాడు.

"అందర్ని పిలిచినం. డ్యూటీ ఇడిసిపెట్టి రమ్మన్నమా?"

"కారు పంపితివి గద."

"కమిటీల పెట్టాలె. అధ్యక్షుడు ఒప్పుకోవాలె."

"అధ్యక్షుడెవరో మాకు తెల్వదారా," అన్నాను నేను. ఇంకా చాలా అన్నాను. అవన్నీ రాస్తే ఈ కాగితం కాలిపోతుంది. శివకుమార్ వాచీ చూసుకున్నాడు. ఆ బడిలో మాకు రోజూ సత్యం గురించి చెప్పేవాళ్లు. చెప్పినవాళ్ల తప్పు లేదు, వాళ్లెప్పుడో పోయారు. విన్నవాళ్లను చూస్తేనే కడుపు మండుతుంది.

మిగిలిన సాక్షిని నేనే. ఇంజనీరు ముందు నిలబడి కార్డు దగ్గర్నుంచి జేసీబీ జాడల దాకా వరసగా చెప్పాను. జీవితంలో అంత పొదుపుగా ఎన్నడూ మాట్లాడలేదు. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"చేప మీద గోదావరి దాటింది నువ్వేనటగా?"

"అది అబద్ధం సార్. ఇది నిజం."

"రెండూ నీ నోటికెల్లే వచ్చినయి," అని ఫైలు మూశాడు.

రాజేశ్వర్‌ను తీసేశారు. హ్యాండిల్ అప్పగించేటప్పుడు కొత్త మనిషికి వంతుల పట్టిక ఒకటికి రెండుసార్లు చదివి వినిపించాడు. నాకైతే దాన్ని నిజాంసాగర్‌లో పారేయాలనిపించింది.

ఏప్రిల్ మొదట్లో సాయవ్వ పొలం చూశాను. వెన్నులు నిటారుగా నిలబడ్డాయి. గింజ ఉంటే వంగాలి. పశువుల మేతకు కోయిస్తోంది. రాజేశ్వర్ కొడవలితో కోస్తున్నాడు, కూలి వద్దన్నాడట. ఆమె గట్టు మీద కూర్చుని నన్ను అడిగింది.

"గా బడిల మీరిద్దరు ఒక్కతాననే సదివిన్రా?"

"అవునవ్వా."

"గా భానుప్రసాద్ గుడనా?"

"అవును."

ఆమె ఒక కొడవలి నా వైపు విసిరింది. నేను మడిలోకి దిగాను.