మైనస్ రెండేళ్ల సభ్యురాలు

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవారి సంఘానికి సాఫ్ట్‌వేర్ చూసే పని అప్పగించారు. అది చాలా పాతది. చిన్న మార్పు చేసినా దాన్ని మళ్లీ బిల్డ్ చేయాలి, అంటే ప్రోగ్రాం మొత్తాన్ని కొత్తగా తయారుచేయాలి. అందుకు వాడే టూల్ లైసెన్సు గడువు ఎప్పుడో తీరిపోయింది, దాన్ని అమ్మిన కంపెనీ కూడా మూతపడింది. కంప్యూటర్ తేదీని ఇరవై రెండేళ్లు వెనక్కి తిప్పితే తప్ప అది పనిచేయదు.

ఒకసారి అలా తిప్పి, తేదీ సరిచేయడం మరిచిపోయాను. మర్నాడు అందులోనే సభ్యుల గుర్తింపు కార్డులు ముద్రించి, చూసుకోకుండా మీటింగులో పంచేశాను. కార్డు మీది వయసును తన తేదీని బట్టి లెక్కగట్టేది ఆ కంప్యూటరే.

కొత్తగా చేరిన ఇరవై ఏళ్ల స్వప్న లేచింది. "అక్కా, నా వయసు మైనస్ రెండని పడ్డది. నేనింక పుట్టలేదా?"

అందరూ గొల్లున నవ్వారు. సంఘం అధ్యక్షుడు మాత్రం నవ్వలేదు. "పుట్టని పిల్లకు సభ్యత్వం ఎట్లిచ్చిన్రని ఆఫీసర్ అడిగితే ఏం జెప్పాలె?" అని నన్ను నిలదీశాడు. ఉద్యోగం పోయిందనుకున్నాను.

కార్డులు వెనక్కి తీసుకుంటుంటే, డెబ్బై రెండేళ్ల లక్ష్మమ్మ తనది కొంగులో దాచేసింది.

"యాభై అని పడ్డది బిడ్డా. నేనియ్య."

"తప్పు పడిందమ్మా."

"పడనియ్యి. ఇగ నన్ను ముసల్దని ఎవడంటడో చూస్త!"

అధ్యక్షుడు కూడా నవ్వాపుకోలేకపోయాడు. నా ఉద్యోగం నిలిచింది. తప్పు చేసి ఒకరిని అంతగా సంతోషపెట్టడం నా జీవితంలో అదొక్కసారే.