మూడోసారీ ఎడమ చక్రమే

పెద్దదోర్నాలలో శ్రీశైలం రోడ్డు చీలే చోటుకు కాస్త ఇవతల, హోటళ్ళ వరస అయిపోయాక యల్లయ్య రేకుల షెడ్డు ఉంది. బోర్డు లేదు. పాత జీపులున్నవాళ్ళకు బోర్డు అక్కర్లేదు, కొత్త కార్లవాళ్ళు అతని దగ్గర ఆగరు. యాభై ఏడేళ్ళ యల్లయ్యది కొమరోలు వైపు పల్లె. పద్దెనిమిదో ఏట మార్కాపురంలో ఒక లారీ మేస్త్రీ దగ్గర చేరి ఆరేళ్ళు పని నేర్చుకున్నాడు. పెళ్ళయ్యాక ఇక్కడ షెడ్డు వేశాడు. అంతకుమించి చెప్పుకోవడానికి తన బతుకులో ఏమీ లేదంటాడు.

జీపు స్టాండులో మాత్రం అతని గురించి చాలా చెబుతారు. పని గురించి కాదు, ప్రశ్నల గురించి. బండి తెచ్చినవాడిని ముందు బల్ల మీద కూర్చోబెట్టి ఎక్కడ ఆపుతావు, ఎవరెవరు ఎక్కుతారు, బరువు ఏ పక్క పడుతుంది అని అడుగుతాడు. ఆ తర్వాతే పానా పట్టుకుంటాడు. "అడవి చెక్‌పోస్టే నయం, రెండు మాటలడిగి గేటెత్తుతారు" అని డ్రైవర్ల గొణుగుడు.

ఈ ఏడు శివరాత్రికి ఇరవై రోజుల ముందు అంకన్న జీపు ఆ షెడ్డుకు వచ్చింది. ముందు ఎడమ చక్రం బేరింగు పోయింది. ఎనిమిది నెలల్లో అదే చక్రానికి ఇది మూడోసారి.

అంకన్నకు ముప్పై నాలుగేళ్ళు. దోర్నాల నుంచి మార్కాపురం వైపు ఏడు కిలోమీటర్ల దూరంలో అతని పల్లె. ఇంట్లో గొర్రెలున్నాయి, నాలుగెకరాల మెట్ట ఉంది. ఇరవై ఏళ్ళు దాటిన జీపు ఒకటి కొని, యాత్రికులను శ్రీశైలం కొండకు చేరుస్తుంటాడు. ఈసారి ఘాటు మలుపులో చక్రం గీసుకుపోతూ ఆగిపోయింది. లోపలున్న తొమ్మిది మందిని మరో జీపు ఎక్కించాల్సి వచ్చింది. స్టాండు పెద్ద ఆదిశేషు ఆ సాయంత్రమే తేల్చి చెప్పాడు: ఇంకొక్కసారి ఘాటులో ఆగితే వరసలోంచి అంకన్న నంబరు తీసేస్తారు. దోర్నాలలో వరసలో లేని జీపును ఎవరూ ఎక్కరు.

"మామా, ఈసారన్నా గట్టిది వెయ్యి" అన్నాడు అంకన్న.

"పోయినసారి మెత్తంది వేసినానా?"

"అట్లనలేదు. అందరి జీపులూ తిరుగుతాండాయి, నాదే ఎందుకు కూర్చుంటాది?"

ఎందుకో యల్లయ్యకూ తెలియదు. చక్రం బరువు మోస్తూ తేలిగ్గా తిరగడానికి మధ్యనున్న హబ్బులో లోపలొకటి, బయటొకటి బేరింగులుంటాయి. గ్రీజు దట్టించి బిగిస్తే ఆ రోడ్డు మీద రెండు మూడేళ్ళు వస్తాయి. మొదటిసారి పోయినప్పుడు యల్లయ్య సరుకును అనుమానించి, మార్కాపురం నుంచి వేరే రకం తెప్పించాడు. రెండోసారి తన చేతినే అనుమానించాడు. నట్టు ఒక పిసరు ఎక్కువ బిగించానేమోనని వారం రోజులు మథనపడ్డాడు.

ఆ రెండుసార్లూ అతను ఒక పొరపాటు చేశాడు. విప్పిన సామాను ముందు కిరోసిన్లో కడిగి, తర్వాత చూడాలని మార్కాపురం మేస్త్రీ నేర్పాడు. ముప్పై మూడేళ్ళుగా యల్లయ్య అదే పద్ధతిలో ఉన్నాడు. కడిగిన ఇనుము ఏ మాటా దాచదని అతని నమ్మకం.

మూడోసారి జాకీ ఎత్తి, చక్రం తీసి, హబ్బు లాగేసరికి కిరోసిన్ డబ్బా ఖాళీగా ఉంది. అంకన్న దానికోసం బజారుకు వెళ్ళాడు. పనిలేక కూర్చున్న యల్లయ్య పాత బేరింగును చేతిలోకి తీసుకుని చూపుడువేలితో గ్రీజు గీరాడు. పసుప్పచ్చగా ఉండాల్సిన గ్రీజు విరిగిన మజ్జిగలా తెల్లగా ఉంది. ముందు రెండుసార్లూ దీన్ని చూడకుండానే కడిగేశాడు. లోపలి ఉక్కు రోలర్లు ఆనే చోట సమానమైన ఎడంలో సన్నటి గీతలు కనబడ్డాయి; అప్పుడు అరుగుడు అనుకున్నవి తుప్పు గీతలే. అతను లేచి కుడి చక్రం కూడా విప్పాడు. అక్కడ గ్రీజు కాస్త నల్లబడిందే తప్ప తెలుపు లేదు.

అంకన్న డబ్బాతో వచ్చేసరికి రెండు బేరింగులూ బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి.

"ఇది అరిగి పోలేదు అల్లుడా. నీళ్ళు తాగి పోయింది. వాగులో దింపినావా?"

"వాగులో నీళ్ళెక్కడివి మామా, ఇసకే లేదు."

"బండి ఎన్నాళ్ళకోసారి కడుగుతావు?"

"నెలకోసారి, అమాసకు. నిమ్మకాయ పెట్టేటప్పుడు."

"నెలకోసారి కడిగితే ఇంత పాడు కాదే. పోనీ, ఒక్క ఎడమపక్కనే కడుగుతావా?"

"ఎవరన్నా సగం బండి కడుగుతారా?" అంకన్న నవ్వాడు.

యల్లయ్య పనిలో పడ్డాడు. ఇత్తడి కడ్డీతో, రోలర్లు తిరిగే పాత ఇనుప కప్పును చుట్టూ కొద్దికొద్దిగా తట్టి బయటికి తీశాడు, కొత్తది అంతే ఓపిగ్గా దించాడు. అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, రోలర్ల మధ్య నుంచి అవతలికి ఉబికే దాకా బేరింగును దానికేసి ఒత్తాడు. నీళ్ళూ దుమ్మూ దూరకుండా కొత్త రబ్బరు సీలు వేశాడు. చక్రం తిప్పుతూ నట్టు బిగించి, మళ్ళీ ఒక పిసరు వదులు చేసి పిన్ను వేశాడు. అంతా అయ్యాక, "రేపు ఆఖరి ట్రిప్పు దిగినాక నన్ను ఎక్కించుకుని మీ ఇంటికి పో. రోజూ ఏం చేస్తావో అదే చెయ్యి, నేను లేననుకో" అన్నాడు.

మర్నాడు నాలుగున్నరకు కొండ దిగి వచ్చిన జీపులో యల్లయ్య ముందు సీట్లో కూర్చున్నాడు. యాభై కిలోమీటర్ల ఘాటులో బ్రేకులు తొక్కీ తొక్కీ ముందు చక్రాలు పెనాల్లా కాలుతున్నాయి. పావుగంటలో ఊరొచ్చింది. దొడ్డి గేటు ముందు అంకన్న ఇంజను ఆపాడు. గేటుకు ఎడమవైపున్న బోరు పైపు పట్టుకుని అతని తల్లి వెంకటరత్నమ్మ అప్పటికే నిలబడి ఉంది.

ఆమె పలకరించకుండానే పైపు నోటిని బొటనవేలితో నొక్కి, నీళ్ళధార ముందు ఎడమ చక్రం నడిమికి కొట్టింది. చుయ్యిమని ఆవిరి లేచింది. పైపు అంతవరకే అందుతుంది. మిగతా మూడు టైర్ల మీద తలా ఒక బిందె కుమ్మరించి, గేటు తీసింది.

"ఏంది అల్లుడా ఇది?" అన్నాడు యల్లయ్య.

"ఏది?"

"బండి నెలకోసారి కడుగుతానంటివే."

"ఇది కడగడం కాదు మామా. చక్రాలు తడపడం."

వెంకటరత్నమ్మ పైపు కింద పడేసింది. "కడక్కుండా లోపలికి రానిస్తానా నేను? పదకొండేండ్ల కింద గొర్రెలు కొనేటోళ్ళ బండి ఇట్లే లోపలికొచ్చినాది. వారంలో గాలికుంటు రోగం పట్టి నలభై గొర్రెపిల్లలు పోయినాయి. చక్రాలకంటుకొని వచ్చింటాదని పశువుల డాక్టరే చెప్పినాడు. అప్పటి సంది నా కొడుకు బండైనా సరే, తడవందే గేటు దాటేది లేదు."

అంకన్న జీపు కొన్న కొత్తలో ఆమె బిందెలతోనే తడిపేదట. నిరుటి ఎండాకాలం ఆఖర్లో కొత్త మోటారు బిగించి పైపు పెట్టారు. మొదటి బేరింగు ఆ తర్వాతే పోయింది. ఈ రెంటినీ కలిపి చూడాలని ఇంట్లో ఎవరికీ తోచలేదు.

మర్నాడు పొద్దున్నే యల్లయ్య అంకన్న బండిని షెడ్డుకు రప్పించి, ఒక్కరోజు తిరిగిన కొత్త బేరింగు విప్పాడు. సీలు దగ్గర గ్రీజులో రెండు నీటి బొట్లు మెరుస్తున్నాయి. అంకన్న వాటిని వేలితో తాకి చూశాడు.

"సీలు కొత్తదే గదా, ఎట్ల పోయినాయి?"

"కొట్టిన జోరుకు కొన్ని. తక్కినవి అదే పీల్చుకుంటాది. వేడికి లోపలి గాలి ఉబ్బి బయటికి పోతాది. చన్నీళ్ళు పడంగానే మిగిలింది ముడుచుకుంటాది. ఆ ఖాళీలోకి నీళ్ళు రాక ఏమొస్తాయి?"

ఆ బేరింగు తుడిచి, గ్రీజు మార్చి బిగించాక ఇద్దరూ మళ్ళీ పల్లెకు వెళ్ళారు. డాక్టరు చెప్పింది తప్పని యల్లయ్య అనలేదు. చక్రాలు చల్లారాక తడపమన్నాడు, ధార నడిమికి కాకుండా టైరుకు కొట్టమన్నాడు.

"చల్లారింది లేంది నాకెట్ల తెలుస్తాది? నీ మాదిరి మేస్త్రీనా?" అంది వెంకటరత్నమ్మ.

"గొర్రెపిల్లకు జ్వరమొస్తే ఎట్ల తెలుస్తాదక్కా?"

"చెవి పట్టుకుంటే తెల్దా?"

"ఇదీ అంతే. నడిమి భాగం చెయ్యి పెట్టి చూడు. నీ చెయ్యి ఓర్చుకుంటే నీళ్ళు పొయ్యి."

ఆమె కొడుకు వైపు తిరిగింది. "అందాక బండి బయటే ఉంటాది. నువ్వూ బయటే కూర్చో, ఆకలేస్తాందని లోపలికొస్తే ఊరుకోను" అంది. యల్లయ్యకు అది ఒప్పుకోవడమేనని అర్థమైంది.

అయితే ఆదిశేషు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. శివరాత్రికి వారం ముందు జనం పెరిగాక, అంకన్న జీపును వరసలో వెనక్కి నెట్టాడు. "నీళ్ళంట, గాలంట. నాకు కథలొద్దు యల్లయ్యన్నా. అంత నమ్మకముంటే నువ్వే ఎక్కి పో" అన్నాడు.

యల్లయ్య షెడ్డుకు తాళం వేసి, ఎక్కాడు. దారిలో రెండుచోట్ల బండి ఆపించి చక్రాలు తడిమాడు. కొండ మీద దర్శనానికి కూడా వెళ్ళలేదు, జీపు పక్కనే కూర్చున్నాడు. దిగి వచ్చాక ఆదిశేషు వంగి ముందు ఎడమ హబ్బు మీద అరచెయ్యి పెట్టాడు, వెంటనే తీశాడు. కుడి దాని మీద పెట్టి, దాన్నీ వెంటనే తీశాడు.

"రెండూ ఒకటే మాదిరి కాలతాండాయి."

"కాలాల్సిందే. ఒకటే కాలితే రోగం."

ఆదిశేషు చేతి గుడ్డతో వేళ్ళు తుడుచుకుని, పుస్తకంలో అంకన్న నంబరును పాత చోటే రాశాడు. మధ్యాహ్నం ట్రిప్పుకు జనం ఎక్కడం మొదలైంది. ముందు సీట్లోంచి యల్లయ్య కదల్లేదు.

"దిగు మామా, నంబరిచ్చినాడు గదా" అన్నాడు అంకన్న.

"ఒక్క ట్రిప్పుకేం తెలుస్తాది?"

"నువ్వు కూర్చుంటే ఒక మనిషి సీటు పోతాది."

యల్లయ్య దిగాడు. జీపు వెనక్కి వెళ్ళి, నిచ్చెన మెట్టు మీద కాలు పెట్టి, పైకప్పు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.